సిపాయి దస్త్రం: తిరుమలగిరి నుంచి సెయింట్ లూయిస్ దాకా

సికింద్రాబాద్‌లో జూబ్లీ బస్ స్టేషన్ దాటి రాజీవ్ రహదారి మీద ఉత్తరానికి పోతే కార్ఖానా వస్తుంది, ఇంకాస్త ముందుకెళ్తే తిరుమలగిరి. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకున్నాక హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగిన పటాలాల విడిదికి 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఆ చుట్టుపక్కలంతా ఇప్పటికీ కంటోన్మెంటే. పింఛను మీద బయటికొచ్చిన హవల్దార్లు, సుబేదార్లు, కర్నల్‌లు ఎందరో కార్ఖానా పరిసర కాలనీల్లో ఇళ్ళు కట్టుకుని ఉండిపోయారు. సైనికుల సేవా దస్త్రాల కథ చెప్పుకోవడానికి ఇది తగిన చోటు. ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ రికార్డ్ ఆఫీసు, ఈఎంఈ రికార్డ్ ఆఫీసు రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి.

మొదటిది బూట్ల దగ్గర్నుంచి తూటాల దాకా సైన్యానికి సరుకు నిల్వచేసి అందించే కోర్‌ది. రెండోది బండ్లు, తుపాకులు, రాడార్లు బాగుచేసే కోర్‌ది. ఇది 1943 అక్టోబర్ 15న పుట్టింది. ఈ రెండు కోర్లలో పనిచేసిన జవాను ఏ రాష్ట్రంవాడైనా, ఏ సరిహద్దులో ఎన్నేళ్ళు గడిపినా, అతని జాతకం సికింద్రాబాద్‌లోనే ఉంటుంది. గఢ్వాల్ కొండల్లో ఉన్న ముసలి తల్లి కొడుకు కాగితం కోసం ఇక్కడికే ఉత్తరం రాయాలి. అదే కార్ఖానాలో పుట్టి పెరిగి ఫిరంగి దళంలో చేరినవాడి కొడుకు మాత్రం నాసిక్ రోడ్‌కు రాయాలి. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉంది కదా, అక్కడికెళ్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అక్కడిది శిక్షణ కేంద్రం. ఆర్టిలరీ రికార్డ్స్ ఉన్నది నాసిక్ రోడ్ క్యాంపులోనే.

దస్త్రం సైనికుడి ఊరిని పట్టించుకోదు, యుద్ధం చేసిన చోటునూ పట్టించుకోదు. చేరిన దళం వెంట పోతుంది. మద్రాస్ రెజిమెంట్‌వాళ్ళ కాగితాలు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లవి బెంగళూరులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, వైద్య దళంవి లక్నోలో, ట్యాంకు దళాలవి అహ్మద్‌నగర్‌లో ఉంటాయి. నావికుల దస్త్రాలు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో, వాయుసైనికులవి ఢిల్లీ సుబ్రతో పార్కులో. సైన్యాధికారులవి ఇవేవీ కాక ఢిల్లీలోని ప్రధాన కార్యాలయంలో ఉంటాయి. పింఛను తీసుకున్నాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్ళీ చేరి గోడౌన్ల దగ్గర కాపలా కాసినవాడికి రెండు దస్త్రాలుంటాయి: మొదటి సర్వీసుది పాత రికార్డ్ ఆఫీసులో, రెండోది కేరళలోని కన్నూరులో. తండ్రి చనిపోయాక పిల్లలకు ఈ రెండో సంగతి తెలియక ఒకే ఆఫీసు చుట్టూ తిరగడం మామూలే.

ఆ దస్త్రంలో ఉండేవాటికి సైన్యం పెట్టుకున్న పేర్లున్నాయి. భర్తీ నాటి నుంచి విడుదల దాకా ప్రమోషన్లు, బదిలీలు, శిక్షలు, పతకాలు ఎక్కేది షీట్ రోల్. భార్యాపిల్లలు, తల్లిదండ్రుల వివరాలుండేది కిండ్రెడ్ రోల్. పెళ్ళి, పిల్లల పుట్టుక, మరణం లాంటివి యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్‌గా వెలువడితేనే దస్త్రంలోకి వస్తాయి. సెలవు మీద ఊరికొచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళి, ఆర్డర్ చేయించుకోవడం మరిచిపోయిన జవాను భార్య ముప్పై ఏళ్ళ తరవాత కుటుంబ పింఛను కోసం ఆఫీసుల మెట్లెక్కాల్సి వస్తుంది. లక్ష్మి అని ఒకచోట, వెంకటలక్ష్మి అని మరోచోట రాసినా ఇదే బాధ. తెలుగువాళ్ళ ఇంటిపేర్లు ముందూ వెనకా మారిపోవడం ఈ చిక్కును రెట్టింపు చేస్తుంది.

అన్నిటికన్నా తక్కువ వివరాలుండేది, అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచేది లాంగ్ రోల్. ఇదొక పెద్ద రిజిస్టరు. నంబరు, పేరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, కారణం, అంతే. మనిషికి ఒక పద్దు.

ఈ లాంగ్ రోల్ విలువ తెలియాలంటే ఒక నిబంధన తెలియాలి. 1987 నాటి ఆర్మీ రెగ్యులేషన్స్‌లోని 595వ పేరా ప్రకారం పింఛను రాకుండా బయటికొచ్చిన సైనికుడి సేవా పత్రాలను 25 ఏళ్ళు ఉంచి ఆ తరవాత ధ్వంసం చేస్తారు. లాంగ్ రోల్ మాత్రం శాశ్వతంగా ఉంటుంది. పింఛనుకు జవానైతే 15 ఏళ్ళు, అధికారి అయితే 20 ఏళ్ళు చేసి ఉండాలి. పద్నాలుగేళ్ళకు ఇంటి పరిస్థితులు బాగోలేక సొంత కోరిక మీద వచ్చేసినవాడి షీట్ రోల్, వైద్య పత్రాలు పాతికేళ్ళు తిరిగేసరికి ఉండవు. అతనికి అరవై దాటి, మోకాలి గాయం డ్యూటీలో తగిలిందని చెప్పుకుని వైకల్య పింఛను అడిగే వేళకు ఆధారం బూడిదై ఉంటుంది. సాయుధ దళాల ట్రిబ్యునల్ తీర్పుల్లో 595వ పేరా మళ్ళీ మళ్ళీ కనబడడానికి కారణం ఇదే. 2007 చట్టంతో ఏర్పడిన ఈ ట్రిబ్యునల్‌లో తెలుగు ప్రాంతాల వ్యాజ్యాలు చెన్నై బెంచి కిందికి వస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది. 1945, 46 సంవత్సరాల్లో వాళ్ళలో అత్యధికులను పింఛను లేకుండానే ఇళ్ళకు పంపేశారు. పాతికేళ్ళ లెక్క వాళ్ళకు వర్తిస్తే 1970ల మొదట్లోనే గడువు తీరిపోయింది. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊళ్ళో తరతరాలుగా సైన్యంలోకి వెళ్ళినవాళ్ళున్నారు. అలాంటి ఊళ్ళలో ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన డిశ్చార్జి బుక్కు చాలా కుటుంబాలకు మిగిలిన ఏకైక ఆధారం. మాజీ సైనికుడి కోటాలో భూమి పట్టా అడిగినా, యుద్ధ వీరుడి భార్యగా ఆర్థిక సాయం అడిగినా మొదట చూపమనేది దాన్నే. అది పోతే రికార్డ్ ఆఫీసు ఇవ్వగలిగింది లాంగ్ రోల్‌లోని ఆ ఒక్క పద్దు ఆధారంగా ధ్రువపత్రమే. ఖర్చు తగ్గుతుందని, స్థలం కలిసొస్తుందని పెట్టుకున్న ఇలాంటి నిబంధన భారం చివరికి చదువురాని ముసలివాళ్ళ మీద పడటం అన్యాయమే.

హైదరాబాద్ పేరు పెట్టుకున్న సైన్యం దస్త్రాలు హైదరాబాద్‌లో లేకపోవడం ఇంకో విడ్డూరం. బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ 1813లో నిజాం ఖర్చుతో పెంచిన దళాలు పోను పోను హైదరాబాద్ కంటింజెంట్ అయ్యాయి. దాని ఖర్చు బకాయిల పేరిటే 1853లో బేరార్ జిల్లాలు కంపెనీ చేతికి పోయాయి. 1903లో కంటింజెంట్ భారత సైన్యంలో కలిసి, దాని కాల్బలం 94 నుంచి 99 దాకా నంబర్లున్న పటాలాలైంది. 1922 పునర్వ్యవస్థీకరణలో అవన్నీ 19వ హైదరాబాద్ రెజిమెంట్ కిందికొచ్చాయి. అప్పటికే భర్తీ ఎక్కువగా కుమావూ కొండల నుంచి, ఉత్తరాది జిల్లాల నుంచి సాగుతోంది. పేరుకూ మనుషులకూ పొంతన లేకపోవడంతో 1945 అక్టోబర్ 27న దాన్ని కుమావూ రెజిమెంట్‌గా మార్చారు. ఇవాళ దాని కేంద్రం, రికార్డ్ ఆఫీసు ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉన్నాయి.

1942 జనవరిలో మలయాలోని స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకుల కింద నలిగిన 4/19 హైదరాబాద్ పటాలంలో తాత ఉన్నాడని విని, ఏ కుటుంబమైనా తీగ లాగాలంటే ఆ కొండ ఊరికే రాయాలి. తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1942లో అధికారిగా చేరింది కూడా హైదరాబాద్ రెజిమెంట్ ఎనిమిదో పటాలంలోనే. 1947 నవంబర్ 3న బద్గామ్‌లో ప్రాణాలిచ్చేనాటికి ఆయన నాలుగో కుమావూ అధికారి. తర్వాత సేనాధిపతి అయిన తిమ్మయ్య కూడా ఇదే రెజిమెంట్ మనిషి.

నిజాం సొంత సైన్యం సంగతి వేరు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్న బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూర్ దళాలతో పాటు హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు; ఢిల్లీ తీన్ మూర్తి చౌక్‌లోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య తరవాత ఆ సైన్యం రద్దైపోయింది. అందులో చేసిన పూర్వీకుడి కోసం వెతికేవాళ్ళు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ గడప తొక్కాలి. అక్కడి నిజాం ప్రభుత్వ దస్త్రాలు చాలావరకు ఫార్సీ, ఉర్దూల్లో ఉంటాయి, కాబట్టి చదివిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్ళాలి.

సికింద్రాబాద్ బ్యారకుల్లో బతికి ఇక్కడే మట్టిలో కలిసిన తెల్ల సిపాయిల జాడ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో దొరుకుతుంది. ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎల్/మిల్ అనే గుర్తు కింద కంపెనీ సైన్యం పత్రాలు, ఎన్/2 గుర్తు కింద మద్రాసు రాజధాని చర్చీల బాప్టిజం, పెళ్ళి, ఖననం నమోదులు ఉన్నాయి. ఈ చర్చి రిజిస్టర్లనే అమెరికాలోని యూటా వంశవృక్ష సంస్థ మైక్రోఫిల్మ్ తీసింది. పరిశోధకుడికి చాలాకాలం అసలు పుస్తకం బదులు ఆ ఫిల్మ్ చుట్టే చేతికిచ్చేవారు. తెల్లవాళ్ళ పేర్లు లండన్‌కు చేరాయి. మన సిపాయిల పద్దులు ఎక్కువగా ఇక్కడి పటాలాల దగ్గరే ఉండిపోయాయి, పటాలాలు రద్దైనప్పుడు చెల్లాచెదురయ్యాయి. మద్రాసు సైన్యంలోని తెలుగు సిపాయి వంశాలకు వెతుకులాట ఇంత కష్టం కావడానికి అదొక కారణం. మద్రాస్ రెజిమెంట్ 1920ల్లో రద్దై, మళ్ళీ రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే లేచింది.

మైక్రోఫిల్మ్ కథ చాలా పాతదే. 1839లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ బెంజమిన్ డాన్సర్ పెద్ద పత్రాన్ని అతి చిన్న ఫొటోగా తీసి చూపాడు. 1870లో ప్రష్యన్లు పారిస్‌ను ముట్టడించినప్పుడు రెనె డాగ్రోన్ అనే ఫొటోగ్రాఫరు ఉత్తరాలను ఫిల్మ్ మీదికి కుదించి పావురాల తోక ఈకకు కట్టించి నగరంలోకి పంపాడు. తరవాత వచ్చిన మైక్రోఫిష్ చుట్టలా కాక కార్డులా ఉంటుంది. పొడవు 148 మిల్లీమీటర్లు, వెడల్పు 105, అంటే ఏ6 కాగితమంత. 24 రెట్లు కుదిస్తే అందులో 7 వరుసల్లో 14 చొప్పున 98 పేజీలు పడతాయి. పైన ఉన్న పట్టీ మీద పేరు, నంబరు మాత్రం మామూలు కంటికి కనబడేలా పెద్దగా రాస్తారు. ఒక జవాను ఇరవై ఏళ్ళ సర్వీసు చొక్కా జేబులో పట్టేస్తుంది.

ఈ పనిని పూర్తిగా నమ్ముకున్నది అమెరికా సైన్యం. కాగితపు ఫైళ్ళను ఫిష్‌ల మీదికి ఎక్కించి ప్రతి సైనికుడికి మూడు రకాలు పెట్టుకుంది: పనితీరు, ప్రశంసలు ఉండే పి-ఫిష్, సేవా వివరాలుండే ఎస్-ఫిష్, బయటికి చూపకూడనివి ఉండే ఆర్-ఫిష్. ప్రమోషన్ బోర్డులో కూర్చున్న అధికారులు రీడర్ తెర మీద ఈ ఫిష్‌లే తిప్పుకుంటూ ఎవరు పైకెళ్ళాలో తేల్చేవారు. సిపాయి తన నకలు కావాలంటే ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ బెంజమిన్ హారిసన్‌కు రాసేవాడు. కవర్లో కాగితాలకు బదులు ఫిష్ నకలే వచ్చేది. దాన్ని చదవాలంటే ఏ లైబ్రరీకో పోయి రీడర్ వెతుక్కోవాలి. 1990ల్లో ఆ స్థానంలోకి కంప్యూటర్ ఫైళ్ళు వచ్చాయి.

నకలు ఎందుకు తీసి ఉంచాలో తెలిపిన దెబ్బ అమెరికాకు అంతకు ముందే తగిలింది. 1973 జూలై 12 అర్ధరాత్రి దాటాక సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం ఆరో అంతస్తులో నిప్పంటుకుంది. నాలుగున్నర రోజులు ఆరలేదు. 1912 నవంబర్ నుంచి 1960 జనవరి ఒకటి దాకా విడుదలైన సైనికుల ఫైళ్ళలో 80 శాతం, వాయుసేనలో 1947 నుంచి 1964 దాకా విడుదలైనవాళ్ళలో అక్షరక్రమంలో హబ్బార్డ్ తరవాత వచ్చే పేర్లలో 75 శాతం పోయాయి. మొత్తం కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల ఫైళ్ళు. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్మూ లేదు. తడిసినవాటిలో కొన్నిటిని మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీ అంతరిక్ష పరీక్షల గదిలో గాలి తీసేసి ఆరబెట్టారు. ఫైలు పోయిన మాజీ సైనికుడికి జీతాల వోచర్లు, యూనిట్ హాజరు నివేదికలు చూసి ముక్కలు ముక్కలుగా ఇప్పటికీ సేవను కూర్చిపెడుతున్నారు. బ్రిటన్‌లోనూ ఇదే కథ: 1940 సెప్టెంబర్‌లో లండన్ ఆర్న్‌సైడ్ వీధి గోదాం మీద జర్మన్ బాంబు పడి మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల పత్రాల్లో సుమారు 60 శాతం కాలిపోయాయి. మిగిలిన మాడు కాగితాలు తాకితే పెళుసుగా విరిగిపోతున్నాయని 1990ల్లో ఫిల్మ్ తీశారు. ఇవాళ అందరూ చూసేది ఆ ఫిల్మ్ నుంచి వచ్చిన బొమ్మలనే.

ఫిష్ లేదా ఫిల్మ్ నుంచి నకలు అడిగేవాళ్ళు గుర్తుంచుకోవలసిన లోపం రంగు. ఫిల్మ్ నలుపు తెలుపుల్లోనే చూస్తుంది. భారత సైన్యంలో శిక్షలను రెడ్ ఇంక్ ఎంట్రీ, బ్లాక్ ఇంక్ ఎంట్రీ అని విడదీస్తారు, ఎర్రవి తీవ్రమైనవి. నాలుగు ఎర్ర ఎంట్రీలు పడితే అవాంఛనీయుడని సర్వీసు నుంచి తొలగించే ఆనవాయితీ ఉండేది. యాంత్రికంగా అలా పంపేయడం చెల్లదని వీరేంద్ర కుమార్ దూబే కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి పేజీని నలుపు తెలుపులో నకలు తీస్తే రెండు సిరాలూ ఒకేలా కనబడతాయి. మామూలు జిరాక్సుకూ ఇదే జబ్బు. అందుకే షీట్ రోల్ నకలు అడిగేటప్పుడు రంగు స్కాన్, పేజీకి రెండు వైపులా కావాలని స్పష్టంగా రాయడం మంచిది. డయాజో అనే రకం ఫిల్మ్ మీద తీసిన ఫిష్ నకళ్ళు రీడర్ దీపం వేడికి, వెలుగుకు వెలిసిపోతాయి. సరిగా కడిగి, చల్లగా ఉంచిన పాలియెస్టర్ వెండి ఫిల్మ్ 500 ఏళ్ళు నిలుస్తుందని అంచనా.

ఇక్కడ రికార్డ్ ఆఫీసుకు రాసేటప్పుడు ఆర్మీ నంబరే ప్రాణం. దాని మొదటి అంకెలు చాలాసార్లు దళాన్ని పట్టిస్తాయి. సుబేదార్, నాయబ్ సుబేదార్ అయ్యాక ముందు జేసీ అని చేరి నంబరే మారిపోతుంది, కాబట్టి పాత నంబరూ రాయాలి. సోమనాథ్ శర్మది ఐసీ-521. ఐసీ అంటే అధికారి. నంబరుతో పాటు ర్యాంకు, సర్వీసులో రాసిన పేరు, భర్తీ, విడుదల తేదీలు, పింఛను ఉంటే పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, డిశ్చార్జి బుక్కు నకలు పెట్టాలి. మనిషి పోయి ఉంటే మరణ ధ్రువపత్రం, బంధుత్వాన్ని చూపే కాగితం కావాలి. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్తే సంతకాల ధ్రువీకరణ ఇబ్బంది తగ్గుతుంది. పీపీఓలో పేరు, పుట్టిన తేదీ దిద్దించాలంటే రికార్డ్ ఆఫీసు పంపే కాగితం ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల ప్రధాన కంట్రోలర్ కార్యాలయానికి చేరి, దిద్దిన పీపీఓ వెలువడాలి. స్పర్శ్ అనే ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ వచ్చాక ఇందులో కొంత కంప్యూటర్ మీదే జరుగుతోంది.

ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుము, పేజీకి రెండు రూపాయలు, 30 రోజుల గడువు, ఆపైన మొదటి అప్పీలు, కేంద్ర సమాచార కమిషన్. ఇందులో ఒక మెలకువ ఉంది. సర్వీసు రికార్డు ఇవ్వండని ఊరికే అడిగితే అరకొర పేజీలతో సరిపెట్టవచ్చు. షీట్ రోల్, విడుదల వైద్య బోర్డు పత్రాలు, పార్ట్ టూ ఆర్డర్లు, లాంగ్ రోల్ పద్దు అని పేరు పేరునా అడగాలి. ధ్వంసం చేశామంటే ఏ తేదీన, ఏ ఉత్తర్వు మీద చేశారో ఆ ధ్వంస పత్రం నకలూ కోరాలి. ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వస్తే చేతిలో ఉండాల్సిన కాగితం అదే. పరాయి మనిషి అడిగితే వ్యక్తిగత సమాచారమని నిరాకరిస్తారు. అమెరికాలో మాత్రం విడుదలై 62 ఏళ్ళు దాటిన ఫైలు ఎవరైనా చూడొచ్చు.

లాంగ్ రోల్ దాటి ఏమీ దొరకనప్పుడు వెతకదగ్గ చోట్లు ఇంకా ఉన్నాయి. యుద్ధంలో చనిపోయినవాడైతే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరు, పటాలం, తేదీ, తరచుగా తండ్రి పేరు, ఊరు ఉంటాయి. లాహోర్ మ్యూజియంలో 97 ఏళ్ళు ఎవరూ ముట్టని రిజిస్టర్లలో పంజాబ్‌కు చెందిన 3,20,000 మంది మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల వివరాలు బయటపడ్డాయి. 1919లో ఊరూరా తిరిగి రాయించిన లెక్కలవి. మన జాతీయ అభిలేఖాగారంలో మిలిటరీ డిపార్ట్‌మెంట్ దస్త్రాలున్నాయి, కొన్ని అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. 2021 జూన్‌లో రక్షణ శాఖ ప్రకటించిన విధానం ప్రకారం యుద్ధ డైరీలు, నౌకల నివేదికలు, వాయుసేన ఆపరేషన్ల పుస్తకాలు మామూలుగా 25 ఏళ్ళకు రహస్య ముద్ర తీసేసి జాతీయ అభిలేఖాగారానికి ఇవ్వాలి. ఆ డైరీల్లో మామూలు జవాను పేరు అరుదుగానే వస్తుంది. అయినా ఫలానా తేదీన పటాలం ఎక్కడుందో, ఎందరు గాయపడ్డారో తేలుతుంది కనుక, షీట్ రోల్ పోయిన గాయం దావాకు అదొక పక్క సాక్ష్యంగా పనికొస్తుంది.